మన బండికి ఏ ఇంజిన్?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగారు. ఏం రాయాలా అని పదిమందిమి ఫోన్లలో మాట్లాడుకున్నాం. ఒకడు వార్డెన్ సారు బెత్తం గురించి రాద్దామన్నాడు. ఇంకొకడు ఆదివారం గుడ్డు గురించి, ఆ గుడ్డు కోసం లైన్లో జరిగిన యుద్ధాల గురించి రాద్దామన్నాడు. అవన్నీ ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. చివరికి మా మారుతి గురించి రాద్దామని అందరం ఒప్పుకున్నాం. ఎందుకంటే ఆ బండి విషయంలో మేం ఒక తప్పు చేశాం. ఆ తప్పు ఇంజిన్‌లో కన్నా మాలోనే ఎక్కువ ఉంది. అది మీకు చెప్పాల్సిన మాట అనిపించింది.

మేం 1992 పదో తరగతి బ్యాచ్. ట్రంకు పెట్టె, జంపఖానా, సత్తు కంచంతో ఈ హాస్టల్‌కి వచ్చినవాళ్లం. ఇక్కడి నుంచి వెళ్లాక ఒకడు టీచరయ్యాడు, ఒకడు కోర్టులో గుమాస్తా అయ్యాడు, ఒకడు బ్యాంకులో చేరాడు, ఇద్దరు ఆర్టీసీలో కండక్టర్లయ్యారు. మిగిలినవాళ్లం తలా ఒక దారి పట్టాం. పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ రాయకుండా బస్టాండు దగ్గర షెడ్డులో పనికి చేరినవాడు కూడా మాలో ఒకడున్నాడు. ఈ కథ వాడిదే. పేర్లు రాయొద్దని వాడే అన్నాడు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

ముందు బండి ఎలా వచ్చిందో చెప్పాలి. 2004 వానాకాలంలో ఒక రాత్రి మన హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడికి కడుపునొప్పి వచ్చింది. అప్పటికి 108 సర్వీసు లేదు. అది మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టులో. వాచ్‌మన్ ఆ పిల్లవాణ్ణి సైకిలు మీద రోడ్డు దాకా తెచ్చి, ఇసుక లారీ ఆపి ఆస్పత్రికి చేర్చేసరికి తెల్లవారింది. అపెండిక్స్ అన్నారు. పిల్లవాడు బతికాడు కానీ, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్న మాట మా చెవిన పడింది. ఆ సంక్రాంతికి కలిసినప్పుడు పన్నెండుమందిమి తలా ఆరు వేలు వేసుకున్నాం. డెబ్భై రెండు వేలు పోగయ్యాయి. అరవై ఐదు వేలకు 1996 మోడల్ మారుతి 800 కొన్నాం. మిగిలిన ఏడు వేలు బ్యాటరీకి, రెండు టైర్లకు, ఇన్సూరెన్సుకు సరిపోయాయి. రిజిస్ట్రేషన్ మా టీచర్ పేరు మీద పెట్టాం, వాడి ఇల్లు హాస్టల్‌కి రెండు వీధుల అవతలే కాబట్టి.

పన్నెండుమందిమి అన్నాం. ఆ లెక్క గుర్తుపెట్టుకోండి. మెకానిక్ మిత్రుణ్ణి మేం వాటా అడగలేదు. వాడి దగ్గర ఎక్కడుంటాయి పాపం అనుకున్నాం. జాలిపడ్డామని అనుకున్నాం గానీ, అడగకపోవడం కూడా ఒకరకంగా పక్కన పెట్టడమేనని అప్పుడు తోచలేదు. వాడు మాత్రం బండి వచ్చిన రోజు నుంచీ దాని పని వాడే చూశాడు. సామాన్ల డబ్బులు తప్ప రూపాయి తీసుకోలేదు.

ఆ బండి నాలుగేళ్లపాటు మన హాస్టల్‌కి చాలా పనులు చేసింది. జ్వరాలప్పుడు ఆస్పత్రికి, పరీక్షలప్పుడు సెంటర్లకు, ఇంటి మీద బెంగతో అన్నం మానేసిన పిల్లల్ని వాళ్ల ఊళ్లకు తిప్పింది. వెనక సీట్లో నలుగురు, ముందర ఒకరి ఒళ్లో ఒకరు. అలా ఎక్కించకూడదని మాకూ తెలుసు. కానీ ఎక్కించాం.

2009 వేసవిలో ముగ్గురు పిల్లలు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయాల్సి వచ్చింది. సెంటరు నలభై కిలోమీటర్ల దూరం. హాస్టల్‌కి సెలవులు కాబట్టి ముందురోజే వచ్చి మా టీచర్ ఇంట్లో పడుకున్నారు. పొద్దున్నే బయలుదేరారు. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా రేడియేటర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం పగిలింది. మీటరులో వేడి చూపే ముల్లు పైకి ఎక్కేసింది. మావాడు ఆపి, గొట్టానికి తువ్వాలు చుట్టి, తాగే నీళ్లు పోశాడు. పోసినవి పోసినట్టే ఆవిరైపోయాయి. బస్సు లేదు, ఆటో లేదు. గంట చూస్తే పదీ ముప్పై ఐదు. పరీక్ష పదకొండుకు. ముల్లు ఎక్కడుందో చూడడం మానేసి మావాడు బండి నడిపాడు. పిల్లలు గేటు మూసే ముందు లోపలికి వెళ్లారు. బండి మాత్రం ఆ గేటు ముందే ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ అవలేదు.

ట్రాలీ ఆటో వెనక తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. మా మెకానిక్ ఆయిల్ పోసే మూత తీసి మాకు చూపించాడు. మూత లోపల మజ్జిగ మీది మీగడలా తెల్లగా పేరుకుని ఉంది. "నీళ్లు ఆయిల్లో కలిశాయిరా. గాస్కెట్ పోయింది, హెడ్డు వంగుంటుంది" అన్నాడు. ఇంజిన్‌లో కింద సిలిండర్లున్న దిమ్మె, పైన అల్యూమినియం హెడ్డు, రెంటి మధ్య గాస్కెట్ ఉంటాయి. నీళ్లు లేకుండా నడిపితే ముందు దెబ్బతినేది హెడ్డే. ఒక కాగితం మందం వంగినా చాలు, గాస్కెట్ నిలవదు. హెడ్డు ఊడదీసి ఇనుప పట్టీ ఆనించి చూపిస్తే సందులోంచి వెలుతురు కనపడింది. రెండో సిలిండరు గోడ మీద నిలువు గీతలు పడ్డాయి. గోరు పెట్టి గీస్తే తగులుతున్నాయి.

ఆ ఆదివారం హాస్టల్ వరండాలో మీటింగు పెట్టుకున్నాం. తొమ్మిదిమందిమి వచ్చాం. నిధిలో ఇరవై మూడు వేలున్నాయి. ముందు కాసేపు టీచర్‌ని తిట్టాం. "బండి ఆపాల్సింది" అని ఒకడన్నాడు. "ఆపితే ఆ ముగ్గురికీ ఏడాది పోయేది. ఇంజిన్‌కి ఇంకో ఇంజిన్ దొరుకుద్ది" అన్నాడు వాడు. దాంతో అందరం నోరు మూసుకుని, ఆ ఇంకో ఇంజిన్ ఏదో చూద్దామని కూర్చున్నాం.

మారుతి 800లో ఉండేది మూడు సిలిండర్ల ఇంజిన్, 796 సీసీ. మా బండిది పాత కార్బురేటర్ రకం. ఎఫ్8బి అంటారు, ఇంజిన్ నెంబరు కూడా ఆ అక్షరాలతోనే మొదలవుతుంది. దీని బదులు ఏం వేయొచ్చో కోర్టు గుమాస్తా ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి రాశాడు. ఆ కాగితంలోని సంగతులు ఇక్కడ చెబుతున్నాం. బండి ఉన్నవాళ్లకు, షెడ్డు పని నేర్చుకునే తమ్ముళ్లకు పనికొస్తాయి.

మొదటిది, కంపెనీ కొత్త ఇంజిన్. ధర విన్నాక ఆ వరుస కొట్టేశాం. బండి విలువలో సగం పైనే.

రెండోది, జెన్ ఇంజిన్. ఇది మా వెనక బ్యాచ్ కుర్రాడి సలహా. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, బండి పరిగెడుతుందన్నాడు. కానీ అది సైజులోనే వేరు. కూర్చోబెట్టే దిమ్మలు మార్చాలి, గేర్‌బాక్స్ మార్చాలి. 800 బ్రేకులు 800 ఇంజిన్‌కు తగ్గట్టు చేసినవి. పైగా రిజిస్ట్రేషన్‌లో 796 అని ఉండి బండిలో 993 ఉంటే అది చట్టం ఒప్పుకునే పని కాదు. పిల్లల్ని తిప్పే బండికి పరుగు ఎందుకని అదీ కొట్టేశాం.

మూడోది, ఓమ్నీ వ్యాన్ ఇంజిన్. చవకగా దొరుకుతుందన్నారు. అదీ 796 సీసీయే, పేరూ ఎఫ్8బియే. కానీ ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది. 800లో బానెట్ కింద అడ్డంగా ఉండి ముందు చక్రాలను తిప్పుతుంది. అందుకని ఆయిల్ ఉండే తొట్టి, బిగించే దిమ్మలు, చుట్టూ తగిలించే సామాను తేడాగా ఉంటాయి. లోపలి సామాను కలిసినంత మాత్రాన ఇంజిన్‌కి ఇంజిన్ ఎత్తి పెట్టడం కుదరదు.

నాలుగోది, తర్వాత వచ్చిన 800, ఆల్టోల్లోని ఎంపీఎఫ్ఐ ఇంజిన్. మైలేజీ బాగుంటుంది, పొగ తక్కువ. కానీ దానికి కార్బురేటర్ ఉండదు. పెట్రోలు ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు పెట్టె చెబుతుంది. ఆ పెట్టె, సెన్సర్లు, వైరింగు, ట్యాంకులో ఉండే కరెంటు పంపు అన్నీ తేవాలి. ఒక్క వైరు తప్పితే బండి కదలదు. మా ఊళ్లో ఆ పని పూర్తిగా తెలిసినవాళ్లు అప్పటికి లేరు.

ఐదోది, తుక్కుకు విప్పిన 800 నుంచి తీసిన అదే రకం కార్బురేటర్ ఇంజిన్. బెజవాడ ఆటోనగర్‌లో పద్నాలుగు వేలన్నారు. ఒక్కరోజులో ఎక్కించేయొచ్చు.

ఆరోది, మా ఇంజిన్‌నే బాగుచేసుకోవడం. హెడ్డు లేత్‌లో చదును చేయించాలి. సిలిండర్లు బోరింగ్ చేయించి, పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేయాలి. బేరింగులు, సీళ్లు, గాస్కెట్లు కొత్తవి పెట్టాలి. మెకానిక్ అంచనా సామాన్లకు పదమూడు వేల లోపు, కూలి వేరే. పది రోజులు పడుతుందన్నాడు.

చివరికి మిగిలినవి ఐదు, ఆరు. మా మెకానిక్ మీటింగుకు వచ్చి నిలబడే మాట్లాడాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు, బట్టలకు గ్రీజుందని. "ఆరోదే చేద్దాంరా. మన ఇంజిన్ చరిత్ర మనకు తెలుసు. ఏం పోయిందో తెలుసు. పరాయి ఇంజిన్ ఏ బావిలో నీళ్లు తాగిందో ఎవడికి తెలుసు? కొనాలనే ఉంటే నన్ను తీసుకెళ్లండి. గేజీ పెట్టి చూడకుండా మాత్రం కొనొద్దు" అని చెప్పి, షెడ్డులో పనుందని వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక మాలో ఒకడన్నాడు: "వాడికి పది రోజుల పని దొరుకుద్దని చెబుతున్నాడేమోరా". ఎవరన్నారో ఇక్కడ రాయం. ఎందుకంటే అన్నది ఒకడే అయినా, కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగేళ్లు కూలి లేకుండా చేసినవాడి మీద ఆ మాట పడుతుంటే తొమ్మిదిమందిమి తలొంచుకుని విన్నాం. డిగ్రీలు చదివాం కదా, ఒక ఇంజిన్ కొనలేమా అన్న ధీమా లోపల ఉంది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాం.

మర్నాటి వారం ముగ్గురం బస్సెక్కి ఆటోనగర్ వెళ్లాం. వాడికి చెప్పలేదు. ఆటోనగర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. వీధి వీధికీ ఒక సామాను. ఒక వీధంతా లారీ బాడీలు, ఇంకో వీధంతా టైర్లు, ఇంకో వీధంతా విప్పిన ఇంజిన్లు. నిజాయితీగా పని చేసేవాళ్లు వేలమంది అక్కడ బతుకుతున్నారు. మేం వెళ్లిన కొట్టు అలాంటిది కాదు, అంతే. ఆవిరితో కడిగి, వెండి రంగు వేసిన ఇంజిన్ చూపించారు. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఆ రంగు చూసి మురిసిపోయాం. పద్నాలుగు వేలు ఇచ్చాం. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. ట్రాలీకి తొమ్మిది వందలు పెట్టి తెచ్చి, షెడ్డు ముందు దించాం.

మా మెకానిక్ ఆ ఇంజిన్‌ని, మమ్మల్ని కాసేపు చూశాడు. ఏమీ అనలేదు. "టీ తాగుతారా" అన్నాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. వాడు ఆ గంటలో చేసినవి కొట్లోనే చేసుంటే మాకు పదివేలు మిగిలేవి.

ముందు ఆయిల్ మూత తీసి వేలు పెట్టాడు. నల్లటి జిడ్డు తారులా అంటుకుంది. ఏళ్లపాటు ఆయిల్ మార్చని ఇంజిన్ అన్నాడు. ప్లగ్గులు తీశాడు. రెండు పొడిగా ఉన్నాయి, మధ్యది ఆయిల్‌తో తడిసి నల్లగా ఉంది. తర్వాత గేర్‌బాక్స్ తగిలించి, స్టార్టరుకు బ్యాటరీ ఇచ్చి, ఒక్కొక్క ప్లగ్గు రంధ్రంలో గేజీ పెట్టి తిప్పాడు. మొదటి దాంట్లో తొమ్మిది, మధ్య దాంట్లో ఐదు, చివరి దాంట్లో ఎనిమిదిన్నర. బాగున్న ఇంజిన్‌లో మూడూ దాదాపు ఒకేలా, పన్నెండుకు అటూ ఇటూగా ఉండాలన్నాడు. మధ్య సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే ఐదు కాస్తా ఎనిమిదైంది. "ఆయిల్ పోస్తే పెరిగిందంటే రింగులూ బోరూ అరిగినట్టు. పెరక్కపోతే వాల్వులో గాస్కెటో పోయినట్టు. ఇది మన ఇంజిన్ కంటే అధ్వానంరా" అన్నాడు.

ఆఖర్న ఒక గుడ్డ ముక్కకు థిన్నర్ తడిపి ఇంజిన్ నెంబరు ఉండే చోట రుద్దాడు. వెండి రంగు పోయింది. కింద గ్రైండింగ్ చేసిన గుర్తులు, వాటి మీద వంకరగా కొట్టిన అంకెలు బయటపడ్డాయి. కోర్టు గుమాస్తా ముఖం పాలిపోయింది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను ఉంది. బండిలో మార్పు చేసినా, ఇంజిన్ మార్చినా రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి, సర్టిఫికెట్లో నమోదు చేయించుకోవాలి. తెలపడానికి గడువు 14 రోజులు. నెంబరు చెరిపిన ఇంజిన్‌ని ఏ ముఖంతో చూపిస్తాం? అది దొంగ బండిదైతే, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేటప్పుడు పోలీసులు ఆపితే ఏం చెబుతాం?

అందుకని తమ్ముళ్లూ, పాత ఇంజిన్ కొనేటప్పుడు రంగు చూడకండి. అసలు నెంబరు చెక్కు చెదరకుండా ఉందో లేదో చూడండి. అది ఏ బండిదో, ఆ బండి కాగితాల నకలు, సరైన బిల్లు అడగండి. పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పి చూడండి. గేజీ పెట్టించండి. అన్నిటికన్నా ముందు పని తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్లండి.

మర్నాడు ఆ ఇంజిన్ తిరిగి పట్టుకెళ్లాం. కొట్టువాళ్లు గొడవ చేసి, చివరికి పాత ఇనుము కింద నాలుగు వేలు చేతిలో పెట్టారు. మొత్తం పది వేల తొమ్మిది వందలు పోయాయి. నిధిలో పన్నెండు వేల ఒక వంద మిగిలింది. తిరుగు బస్సులో ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం షెడ్డుకు వెళ్లాం. "మన ఇంజిన్‌నే చెయ్యరా" అన్నాం. వాడు పానా కింద పెట్టి, "పది రోజుల పని దొరికిందన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ మాట వాడిదాకా ఎలా వెళ్లిందో మాకు తెలియదు. షెడ్డులో నిలబడిన ముగ్గురిలో ఏ ఒక్కడికీ నోరు పెగల్లేదు. టీచర్ మాత్రం "తప్పయిందిరా" అన్నాడు. "తప్పూ లేదు ఏం లేదు. రేపు హెడ్డు లేత్‌కి తీసుకెళ్లాలి, ఒకడు రండి, బరువుంటుంది" అన్నాడు వాడు.

ఆ తొమ్మిది రోజులూ వంతులేసుకుని వెళ్లాం. ఆ చుట్టుపక్కల ఊళ్ల మన హాస్టల్ పిల్లలు కొందరు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. లేత్ షాపులో హెడ్డుకు నీళ్ల ఒత్తిడి పెట్టి పగుళ్లు లేవని తేల్చాక చదును చేశారు. సిలిండర్ల వ్యాసం కొత్తగా ఉన్నప్పుడు 68.5 మిల్లీమీటర్లు. దానిపైన పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. గీతలు లోతుగా ఉన్నాయి కాబట్టి అర మిల్లీమీటరుకే వెళ్లాల్సి వచ్చింది. "గీతలు పడింది ఒక్క దాంట్లోనే కదా, మూడూ ఎందుకు కోయడం?" అని బ్యాంకువాడు అడిగాడు. "ముగ్గురు కలిసి మోసే కావడిలో ఒకడు పొడుగు, ఇద్దరు పొట్టి అయితే ఎలా ఉంటది? మూడూ ఒకటిగానే ఉండాలి" అన్నాడు. బోరింగ్ అయ్యాక గోడలకు అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెట్టించాడు. గీతలు పోగొట్టడానికి కోసి మళ్లీ గీతలేమిటని నవ్వాం. నిలువు గీతలు గాలిని వదిలేస్తాయనీ, ఈ అల్లిక గీతలు ఆయిల్‌ని పట్టి ఉంచుతాయనీ అప్పుడు తెలిసింది.

హెడ్డు బోల్టులు బిగించేటప్పుడు ఒక్కసారిగా బిగించలేదు. మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివరలకు వెళ్తూ, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో టార్క్ పానాతో బిగించాడు. ఇంజిన్ కిందికి దిగి ఉండగానే టైమింగ్ బెల్టు, నీళ్ల పంపు, సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చాడు. "ఇంత పని చేసి యాభై రూపాయల గొట్టం దగ్గర కక్కుర్తి పడితే మళ్లీ అదే గేటు దగ్గర ఆగుతాం" అన్నాడు. అసలు మొదటిసారి పోయింది కూడా అలాంటి గొట్టం దగ్గరే కదా. దాన్ని మార్చమని వాడు ఆ చలికాలంలోనే చెప్పాడట. జీతాలు రానీ చూద్దామన్నది మేమే.

తొమ్మిదో రోజు సాయంత్రం తాళం తిప్పితే మూడోసారికి ఇంజిన్ అందుకుంది. పొగ లేదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు అరవై దాటొద్దని, ఐదొందలకు ఆయిల్ మార్చాలని చెప్పాడు. సామాన్లకు, లేత్‌కు పన్నెండు వేల ఆరు వందలైంది. నిధికి తక్కువైన ఐదొందలు గుమాస్తా వేశాడు. "ఈసారి కూలి తీసుకోవాల్సిందే, ఎంత?" అని అడిగాం. వాడు మొహమాటపడతాడనుకున్నాం.

"మూడున్నర వేలు" అన్నాడు. మేం తలూపాం. "ఆ డబ్బు నాకివ్వొద్దు. బండి కొన్నప్పుడు తలా ఆరు వేలు వేసుకున్నారు కదా. నా వాటా కింద ఈ మూడున్నర వేలు జమ రాయండి. మిగతా రెండున్నర వేలు దసరాకి ఇస్తా. అప్పుడు నన్నెవరూ అడగలేదు" అన్నాడు.

అంతకు మించి ఏమీ అనలేదు. గుమాస్తా జేబులోంచి పద్దు పుస్తకం తీశాడు. పన్నెండు పేర్ల కింద పదమూడో పేరు రాశాడు. రాసేటప్పుడు వాడి చెయ్యి వణికింది. దసరాకి చెప్పినట్టే రెండున్నర వేలు తెచ్చిచ్చాడు, అన్నీ వంద కాగితాలే, గ్రీజు మరకలతో.

మా ఇంజిన్‌నే ఉంచుకోవడం ఎంత మంచిదైందో 2011లో తెలిసింది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించి మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఇన్‌స్పెక్టరు నెంబర్లు సర్టిఫికెట్‌తో సరిచూసి, ఇంజిన్ శబ్దం విని, సంతకం పెట్టారు. నెంబరు చెరిపిన ఆ వెండి ఇంజిన్ ఉండుంటే ఆ రోజు బండితో పాటు మా టీచర్ ఉద్యోగం కూడా చిక్కుల్లో పడేది. రిజిస్ట్రేషన్ వాడి పేరు మీదే కదా.

2014 జనవరిలో కంపెనీ మారుతి 800ల తయారీ ఆపేసింది. మా బండి ఇంకో రెండేళ్లు తిరిగింది. 2016లో పొడిగింపు గడువు తీరేసరికి నేల తుప్పు పట్టింది. అప్పటికి 108 వచ్చింది, ఊళ్లో ఆటోలు పెరిగాయి. పదమూడుమందిమి కూర్చుని, పదమూడుమందిమి చేతులెత్తి బండి అమ్మేద్దామని తీర్మానించాం. వచ్చిన డబ్బు పదో తరగతి పిల్లల పరీక్ష ఫీజుల నిధిలో వేశాం. ఇంజిన్ మాత్రం ఆఖరి రోజు కూడా పొగ లేకుండానే వెళ్లింది. ఆ రోజు పరీక్ష రాసిన ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. మూడోవాడికి రాలేదు. వాడు ఐటీఐ చేసి, మా మెకానిక్ దగ్గరే రెండేళ్లు పని నేర్చుకుని, ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఎంపీఎఫ్ఐ వైరింగు ఆ ఊళ్లో వాడంత బాగా చేసేవాడు లేడని మా మెకానిక్ గొప్పగా చెబుతుంటాడు.

తమ్ముళ్లూ, ఈ హాస్టల్‌కి మనల్ని పంపేటప్పుడు మన అమ్మానాన్నలు చదువుకుని పెద్దవాళ్లవమన్నారు. చదువుకున్నాం. కానీ బయట ఎంతమంది మనల్ని చూసి, వీళ్లకేం తెలుసులే అనుకున్నారో మనందరికీ గుర్తే. అదే చూపు మేం మా పక్క మంచం మీద పడుకున్నవాడి మీద చూపించాం. మాకు పోయిన పదివేల తొమ్మిది వందలు దానికి కట్టిన ఫీజు అనుకుంటున్నాం. మీ బ్యాచ్‌లోనూ పది తప్పినవాళ్లుంటారు, మధ్యలో మానేసినవాళ్లుంటారు. మీరు ఏదైనా నిధి పెట్టుకుంటే, ఏదైనా జాబితా రాసుకుంటే, ముందు వాళ్లను అడగండి. ఇవ్వగలరా లేదా అన్నది వాళ్లు చెబుతారు.

మా పాత పిస్టన్లు మూడింటిలో ఒకటి హాస్టల్ లైబ్రరీ టేబులు మీద ఉంది. కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి వార్డెన్ సారు అడిగి తీసుకున్నారు. దాని పక్కన నిలువు గీతలు ఇప్పటికీ కనపడతాయి. ఈసారి వార్షికోత్సవానికి వచ్చినప్పుడు గోరు పెట్టి గీసి చూడండి, తగులుతాయి.

అందరికీ జై భీమ్.

– 1992 పదో తరగతి బ్యాచ్, పదమూడుమంది